సందులు నింపేదాకా సముద్రం రాలేదు

మొన్న ఆదివారానికి పని పూర్తయింది. వేళ్ల చివర్లు సిమెంటుకి పగిలి ఇంకా మండుతున్నాయి. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. నాలుగు రోజులు పోతే కొలతలు మర్చిపోతాను.

నేను 31 ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. నీటిరంగులంటే నాకు ప్రాణం. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంటి వరండా గోడకి నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున ఆర్కే బీచ్ తెల్లవారుజామును టైల్ ముక్కలతో కట్టాలని ఎన్నాళ్లనుంచో ఆశ. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా ఉండాలి. ఎదురుగా సూర్యుడు రాబోయే ముందు వెలుగు, కింద నీళ్లు. తడి కాగితం మీద ఒక రంగులోకి ఇంకో రంగు ఎలా పాకుతుందో గోడ మీదా అలాగే పాకాలి. అదీ నా పట్టుదల.

ముక్కలు దొరకడం సులువే. టైల్స్ గోడౌన్లలో విరిగినవి అడిగితే ఇస్తారు. గోడలకు వేసే సిరామిక్ టైలే తెచ్చుకోండి. నేలకి వేసే విట్రిఫైడ్ టైల్, ముక్కలు కొరికే పటకారు నిప్పర్‌కి లొంగదు, పెచ్చులు లేస్తుంది. కళ్లకి అద్దాలు లేకుండా ఒక్క ముక్క కూడా కొరకొద్దు. అంటించడానికి సిమెంట్ బోర్డు, టైల్స్ మేస్త్రీలు వాడే గమ్ పౌడరు చాలు. తెల్ల జిగురు వద్దు, మన సముద్రపు తేమకి మెత్తబడి ముక్కలు రాలిపోతాయి. నీళ్లలో ముక్కల్ని అల వంపును బట్టి, కొండలో వాలు వెంబడి పేర్చాను. ముక్కల వరసలు సాగే ఈ పోకడని ఇటలీ వాళ్లు ‘అందమెంతో’ అంటారు. మన చెవికి తెలుగు మాటలాగే ఉంటుంది. పేర్చడానికి మూడు వారాలు పట్టింది, హాయిగా గడిచాయి.

ఇక గ్రౌట్, అంటే ముక్కల మధ్య సందుల్లో నింపే సిమెంటు పిండి. నన్ను ఏడిపించింది ఇదే.

షాపుకెళ్లి మొజాయిక్‌కి గ్రౌట్ కావాలన్నాను. “మొజాయిక్ ఇప్పుడెవరు వేయిస్తున్నారండీ” అన్నాడు. మన దగ్గర మొజాయిక్ అంటే పాలిష్ పట్టిన చిప్స్ గచ్చే కదా. గచ్చు కాదు బాబూ, గోడ మీద బొమ్మ అని చెబితే, షేడ్ కార్డు నా ముందు పడేసి నేవీ బ్లూ మీద వేలు పెట్టాడు. “మొత్తం ఒకటే రంగు కొట్టించేయండి, ఫినిషింగ్ బాగుంటుంది” అన్నాడు. నాకూ అప్పటికి తెలియదు, నమ్మేశాను.

ఆ సాయంత్రం సందుల్లో గ్రౌట్ నింపుతుంటే తడిలో ఎంత బాగుందో చెప్పలేను. నడిసముద్రం రంగు. మావారిని పిలిచి మరీ చూపించాను. తెల్లారి కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చి చూద్దును కదా, నీలం వెలిసిపోయి, వందసార్లు ఉతికిన స్కూలు యూనిఫాంలా ఉంది. అక్కడక్కడ తెల్లగా ఉప్పు పేరింది. ముక్కల మీద పాలపొరలాంటి మసక. అంతకంటే ఘోరం, కొండా, ఆకాశం, నీళ్లూ అన్నీ ఒకే వలలో పడ్డట్టున్నాయి. ఏ ముక్కకా ముక్క విడిగా కనిపిస్తోంది కానీ బొమ్మ లేదు. పక్కింటి పిన్నిగారు పాలకోసం వచ్చి, “బాత్రూం టైల్స్ మిగిలాయా అమ్మా?” అని అడిగారు. ఆవిడ మంచి మనసుతోనే అడిగారు. నేను లోపలికెళ్లి తలుపేసుకున్నాను.

మిగిలిన ప్యాకెట్టు పట్టుకుని షాపుకెళ్లాను. రంగు కార్డులో ఉన్నట్టు రాలేదని చెప్పానంతే. అక్కడ ఇద్దరు మేస్త్రీలు, ఇల్లు కట్టుకుంటున్న దంపతులు ఉన్నారు. వాళ్లందరి ముందూ షాపతను, “నీళ్లెక్కువ పోసుంటారు మేడం. ఆడవాళ్లు మేస్త్రీ పనికి దిగితే ఇలాగే ఉంటుంది” అన్నాడు. ఒకాయన నవ్వాడు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఈ ఊళ్లో ఇంజినీర్లుగా, ఆర్కిటెక్టులుగా ఉన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీళ్ల సంగతి అతను చెప్పింది నిజమే. పిండి జారుగా కలిపాను, పైగా తడి స్పాంజితో మళ్లీ మళ్లీ తుడిచాను. నీళ్లెక్కువైతే రంగు పొడి కొట్టుకుపోతుంది, సిమెంటులోని లవణాలు నీటితో పైకొచ్చి ఆరాక తెల్లగా పేరుకుంటాయి. గాలిలో తేమ ఉండే మన ఊళ్లో నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి ఆ తెలుపు ఇంకా ఎక్కువ. ఒప్పుకుంటాను. కానీ ఒకటే రంగు కొట్టించమన్నది మాత్రం తప్పుడు సలహా. నా సముద్రాన్ని చంపింది అదే.

ఆ రాత్రే కాగితం మీద లెక్క వేశాను. నా ముక్క 15 మిల్లీమీటర్ల చదరం, సందు 3 మిల్లీమీటర్లు. సందుతో కలిపి 18 గుణించు 18, 324. అందులో టైల్ 225. మిగతా 99 గ్రౌటే. అంటే బొమ్మలో 30 శాతం గ్రౌటు! దాదాపు మూడో వంతు కాగితం మీద ఒకే రంగు పూసేసి, బొమ్మ రాలేదని ఏడిస్తే ఎలా వస్తుంది? దూరం నుంచి చూస్తే కన్ను టైల్ రంగునీ సందు రంగునీ కలిపేసుకుంటుంది. తెల్ల గ్రౌట్ పక్కనున్న రంగుని పాలిపోయేలా చేస్తుంది, నలుపు దాన్నే మెరిపిస్తుంది. నా దగ్గర నీలాలు నాలుగే ఉన్నా, సందులు మారిస్తే పన్నెండు నీలాలు అవుతాయి.

ఇంక మొత్తం తవ్వాలి. గ్రౌట్ రంపం, దబ్బనం పెట్టుకుని తొమ్మిది రోజులు గోకాను. 37 ముక్కలు ఊడాయి. మా వీధిలో పనిచేస్తున్న టైల్స్ మేస్త్రీ చూసి, “యాసిడ్ కొట్టేయండమ్మా, పోద్ది” అన్నాడు. ఎవరు చెప్పినా వినకండి. యాసిడ్ సిమెంటుని తినేస్తుంది, కింద గమ్మూ సిమెంటే.

గోకుతున్నంతసేపూ షాపతను అన్న మాటే చెవిలో మోగింది. మేస్త్రీ పని ఎవరిదని ఎవరు రాసిపెట్టారు? 1976లో జనానికి తెరిచిన చండీగఢ్ రాక్ గార్డెన్ నేను చూశాను. పారేసిన టైళ్లూ పగిలిన గాజులూ ఏరి దాన్ని కట్టిన నేక్‌చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టరు. ఆయన్ని ఎవరి అనుమతి అడగమంటారు?

రెండోసారి ముందు చిన్న బోర్డు మీద నమూనాలు వేశాను. వంటింటి కాటాలో తూచాను. ఇసుక కలవని తెల్ల గ్రౌట్ తీసుకున్నాను. ఇసుక ఉన్నది 3 మిల్లీమీటర్లు దాటిన సందులకి, పైగా టైల్ మెరుపుని గీకేస్తుంది. అరకిలోకి ఆక్సైడ్ రంగు 5, 10, 20, 30 గ్రాములు. 50 దాటకండి, పదో వంతు మించితే గట్టిదనం పోతుంది. రంగుని పొడిగా ఉండగానే బాగా కలిపి, అప్పుడు నీళ్లు. గారెల పిండిలా ఉండాలి, దోసెల పిండి కాదు. పది నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి, మళ్లీ నీళ్లు పోయకూడదు. మూడు రోజులు ఆరాకే అసలు రంగు తెలుస్తుంది. ఇంకో సంగతి, తెల్ల గ్రౌట్‌లో ఎంత నల్ల పొడి పోసినా బూడిద రంగే వస్తుంది. కొండకి రెడీగా దొరికే నల్ల గ్రౌటే కొన్నాను.

ఆరు రంగులు కలిపి సీసాలకి నంబర్లు వేశాను. ముందు ఆకాశం. నీళ్లకి ఆనుకున్న చోట పసుపూ, చిటికెడు రెడాక్సైడూ, ఇదే ఆరో నంబరు. మర్నాడు మాస్కింగ్ టేప్ అంటించి కొండ. దాని అంచు పదునుగా ఉండాలి కదా, సందు దాటినచోట అగ్గిపుల్లతో తీసేశాను. ఇసుకకి బెంగుళూరు పెంకు ముక్కలు వాడాను. గ్లేజు లేని పెంకు రంగు పీల్చేస్తుంది, గ్రౌట్‌కి ముందే సీలరు పట్టించాను.

నీళ్లలో మాత్రం టేప్ లేదు. ముదురు నీలం, ఆకుపచ్చ నీలం, నురుగు తెలుపు, మూడూ వేరువేరుగా గుప్పెడు గుప్పెడు కలుపుకుని పక్కపక్కనే నింపాను. పక్కపక్క రంగులు రెండూ తడిగా ఉండగానే, అవి కలిసే చోట రెండంగుళాల మేర గ్లౌజు వేలితో ఒకదాంట్లోకి ఒకటి నెట్టాను. ఇరవై నిమిషాలకి, గట్టిగా పిండిన స్పాంజిని సందులకి అడ్డంగా ఒక్కసారి లాగి కడిగి, మళ్లీ ఒక్కసారి. మర్నాడు మసకని పొడిగుడ్డతో తుడిచాను. మూడు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచాను.

గుడ్డ తీశాక పదడుగులు వెనక్కి నడిచి చూశాను. నీళ్లు కదులుతున్నాయి. నురుగు దగ్గర నీలం ఎక్కడ ఆగిందో, తెలుపు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. ఎడమ మూల అరచేయంత తెల్లమచ్చ మాత్రం ఇంకా పొడిలా లేస్తోంది, రోజూ తుడుస్తున్నాను.

నిన్న ఆ యాసిడ్ కొట్టమన్న మేస్త్రీ వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. సీసాల మీది కొలతల్ని ఫోన్లో ఫోటో తీసుకుంటానన్నాడు, తీసుకోమన్నాను. ఆరో నంబరు కలపడం మాత్రం ఫోటోలో తెలియదు, ఒక పూట వచ్చి నా పక్కన కూర్చోమన్నాను. గురువారం వస్తానన్నాడు.