మూత ఉన్నది నాకు, మూత లేనిది కుంచెకు

సత్యనారాయణపురంలో మేముండే వాటాకి వెనకవైపు ఒక బాల్కనీ ఉంది. దానికి అద్దాల తలుపులు పెట్టించి నా బొమ్మల గది చేసుకున్నాను. గది అనడమే గానీ వెడల్పు ఐదడుగులు. బల్ల వేశాక కుర్చీ వెనక్కి జరగాలంటే తలుపు తీయాల్సిందే. పిల్లల పుస్తకాలకు వాటర్ కలర్ బొమ్మలు వేస్తుంటాను. తడి కాగితం మీద రంగు పరిచాక అది ఆరేదాకా వదిలి వెళ్ళడానికి ఉండదు. ఫ్యాన్ వేస్తే అక్కడక్కడ ముందే ఆరిపోయి చారలు కడుతుంది. రోహిణి కార్తెలో బెజవాడలో ఫ్యాన్ ఆపుకుని కూర్చునే మనిషికి నీళ్ళు చేతికి అందకపోతే ఎలా? "లేచి వంటింట్లోకి వెళ్ళి తాగొచ్చుగా" అంటుంది అమ్మ. ఆకాశం సగం పరిచి లేవమంటే ఎలా లేస్తాను!

నీళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయని కాదు, ఒలికితే ఎటు పోతాయని చూసి చోటు ఎంచుకోవాలి. నా సీసా బల్ల మీద ఉండదు. బల్లకి ఎడమ పక్కన, బల్లకంటే జానెడు కిందకి ఉండే ప్లాస్టిక్ స్టూలు మీద ఉంటుంది. పడితే నేల తడుస్తుంది, తుడుచుకుంటాం. నేల మీద పీట వేసి పెడితే కాలు తగులుతుంది కాబట్టి అది వద్దు. రంగులు, కుంచెలు, కుంచె కడిగే నీళ్ళు అన్నీ కుడివైపు. కుంచె పట్టిన చెయ్యి తాగే సీసా జోలికి పోదు, తాగే చెయ్యి రంగుల జోలికి పోదు. ఎడమచేతి వాటం వాళ్ళు తిరగేసుకోండి.

బల్లకి బిగించే కప్పు హోల్డరొకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. మా బల్ల చెక్క మందానికి దాని మర సరిగ్గా పట్టలేదు, నిండు సీసా పెడితే ముందుకి వాలిపోయేది. ఇప్పుడు దాంట్లో స్కేళ్ళు పెట్టుకుంటున్నాను.

తాగేది మర మూత ఉన్న స్టీలు సీసా. కుంచె కడిగేది వెడల్పు మూతి ఉన్న పాత పచ్చడి జాడీ, అడుగు బరువుగా ఉంటుంది, తోసినా జరగదు. చూడకుండా చెయ్యి వేసినా ఏది ఏదో తెలిసిపోవాలి. గ్లాసులు, మగ్గులు గదిలోకి రానివ్వను. మా మేనకోడలు వచ్చినప్పుడు గుమ్మంలోంచే అడుగుతుంది: "అత్తా, నీలంగా ఉన్నవి నీళ్ళేనా, షర్బత్తా?" ఆ వయసు పిల్లలున్న ఇంట్లో జాడీని పని కాగానే పారబోసి బోర్లించడం తప్ప వేరే దారి లేదు.

వాటర్ కలర్లు ప్రమాదం లేనివని చాలామంది అనుకుంటారు. ట్యూబు వెనక సన్నటి అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ నంబరు, అంటే అందులో ఏ రంగుపొడి వాడారో చెప్పే గుర్తు, చదవండి. పీవై 35 అంటే కాడ్మియం పసుపు, పీఆర్ 108 అంటే కాడ్మియం ఎరుపు. కాడ్మియం ఒంట్లోకి పోతే విషమయ్యే లోహం. వాటిని వాడొద్దని కాదు, నేనూ వాడతాను. ఆ వేళ్ళతో జంతికలు తినొద్దు, అంతే. మా నాన్న వన్ టౌన్‌లో సైన్‌బోర్డులు రాసేవారు. అక్షరానికి అంచు తీసే ముందు కుంచె మొన పెదాల మధ్య సర్దుకోవడం ఆయనకి అలవాటు, పక్కనే టీ గ్లాసు. ఆ రోజుల్లో ఎనామిల్ పసుపు రంగుల్లో సీసం మామూలే. ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు.

టర్పెంటాయిల్, థిన్నర్ వాడేవాళ్ళకి ఇంకో మాట. వాటిని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకండి, మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా సరే. దాహంతో ఉన్నవాడు లేబుల్ చదవడు. ఒకవేళ ఎవరైనా తాగితే వాంతి చేయించకూడదు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక చల్లదనం సంగతి. ఫ్రిజ్ నీళ్ళ సీసాకి మన ఊరి ఉక్కలో నిమిషంలో చెమట పడుతుంది. ఎత్తి తాగుతుంటే అడుగునుంచి ఒక్క చుక్క జారి సగం ఆరిన రంగు మీద పడిందా, అక్కడ రంగు పక్కకి నెట్టుకుపోయి, గోబీపువ్వు అంచులా మరక విచ్చుకుంటుంది. ఆరాక దాన్ని దిద్దడం ఎవరి తరమూ కాదు. అందుకే ఎండాకాలం నాది కుండ నీళ్ళు. నీరు ఆవిరవడం వల్ల మాత్రమే కుండ చల్లబడుతుంది కాబట్టి, గాల్లో తడి నీటిబొట్లుగా మారేంత చలికి ఆ నీళ్ళు ఎప్పుడూ దిగవు. సీసాలో పోసుకుంటే బయట పొడిగానే ఉంటుంది. కుండకి మాత్రం తడి ఊరుతుంది, దాన్ని వంటింట్లోనే ఉంచాను.

మజ్జిగ కూడా ఆ స్టీలు సీసాలోనే. రాగి సీసాలు ఇప్పుడు ఫ్యాషన్ గానీ, పులుపు తగిలితే రాగి కరుగుతుంది, మజ్జిగకీ నిమ్మరసానికీ అవి పనికిరావు. సుగంధి షర్బత్తు అసలు ఈ గదిలోకి రాకూడదు. తీపి చుక్క ఒకటి పడితే చీమలు వస్తాయి. వచ్చిన చీమలు ఊరికే పోవు, రంగు బిళ్ళల దారి కనిపెడతాయి. కొన్ని కంపెనీలు రంగు మెత్తగా ఉండాలని తేనె కలుపుతాయి మరి. ఒకసారి పొద్దున్నే పెట్టె తెరిస్తే ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) బిళ్ళ చుట్టూ బారులు తీరి ఉన్నాయి, ఒక మూల కాస్త గుంట కూడా పడింది. ఆ రంగు తిని వాటికేమైందో నాకు తెలియదు.

టీకి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. పాల టీ చుక్క పడ్డ చోట కొవ్వు ఇంకి, మీద రంగు సరిగ్గా పట్టదు. పైగా మూత పెట్టుకుని తాగే అల్లం టీ టీయే కాదు. నాలుగున్నరకి వీధి చివర బండి దగ్గరికి దిగి వెళ్ళి, నిలబడి తాగి వస్తాను. ఆలోపు ఆకాశం ఆరకపోతే టీ ఆగుతుంది.