ఆటోనగర్ షెడ్డులో క్వాంటం షెడ్యూల్: నా అనుభవం

నిన్న రాత్రి సరైన షెడ్యూల్ వచ్చింది, వేడి మీదే రాసేస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకు చిన్న మెషీన్ షెడ్డు ఉంది. ఏ పని ఏ మెషీన్ మీద ఎప్పుడు పెట్టాలో క్వాంటం కంప్యూటర్‌తో తేల్చాలని పట్టుబట్టాను.

ఐబీఎం క్వాంటం అకౌంటు, ల్యాప్‌టాప్‌లో కిస్కిట్ (క్వాంటం ప్రోగ్రాములు రాసే ఐబీఎం సాఫ్ట్‌వేర్), ఇవి ఒక పూట పని. ట్రైనింగ్ సెంటర్‌కు మాత్రం డబ్బు తగలెయ్యకండి. నేను 18 వేలు కట్టిన చోట చిప్‌ను మైనస్ 273 డిగ్రీల దగ్గర ఎందుకు ఉంచుతారో మూడు వారాలు బొమ్మలు చూపించారు, ఒక్క షెడ్డు లెక్క చేయించలేదు.

అసలు దెబ్బ జరిమానా దగ్గర తగిలింది. షాఫ్టు, బుష్, ఫ్లాంజ్ అని మూడు పార్టులు: ఒక్కోటి ముందు లేత్ మీద గంట, తర్వాత డ్రిల్లింగ్ గంట. ఆరు ఆపరేషన్లు, ఒక్కోదానికి నాలుగు గంటల్లో ఒకటి ఎంచుకోవాలి, ఒక్కో ఎంపికకు అవునో కాదో చెప్పే ఒక క్యూబిట్ (క్వాంటం బిట్), మొత్తం 24 క్యూబిట్లు. 'ఒక మెషీన్ మీద ఒకసారి ఒకే పని' అన్న రూలు క్వాంటం కంప్యూటర్‌కు నేరుగా చెప్పలేం. జవాబు రూలు తప్పితే, పనులకు పట్టే సమయానికి జరిమానా కలుపుతాం, మొత్తం తక్కువ వచ్చిందే మంచి జవాబు. నేను జరిమానా 2 పెట్టాను. వచ్చిన షెడ్యూల్ ప్రింటు తీసి గోడకు అంటించి, అందర్నీ పిలిచాను. మేస్త్రీ బాబాయ్ వేలు పెట్టి చదివి, "తొమ్మిదింటికి ఒకే లేత్ మీద షాఫ్టూ బుష్షూ ఎట్లా పెడతామమ్మా?" అన్నాడు. నాన్న మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

కారణం దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. రెండు పనులు ఒకేసారి పెడితే తొందరగా అయిపోతాయి, ఆ కలిసొచ్చేది 2 కన్నా ఎక్కువ. బెంజి సర్కిల్లో ఫైన్ పది రూపాయలైతే సిగ్నల్ దగ్గర ఎవరు ఆగుతారు? అలాగని మరీ పెంచితే ఏ పని అర్జెంటో దానికి కనపడదు. 24 క్యూబిట్లంటే 1,67,77,216 జవాబులు. ప్రతి ఆపరేషన్ ఒక్కసారే వచ్చేవి 4,096. అన్ని రూళ్లూ నిలబడేవి ఆరే. ఎనర్జీ అంకె (జరిమానాతో కలిపి వచ్చే ఆ మొత్తం) చూసి సంబరపడకండి, ఏ జవాబు ఎన్ని రూళ్లు తప్పిందో విడిగా లెక్కపెట్టండి. ఈ ఒక్క మాట ఆ సెంటర్‌లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నిజమైన మెషీన్ ఉచితంగా 28 రోజులకు 10 నిమిషాలే ఇస్తారు, అందుకే ముందు ల్యాప్‌టాప్‌లో సరిచూశాను. తర్వాత నిజమైన మెషీన్ మీద 4,000 షాట్లలో (ఒక్కో షాట్ అంటే ఒకసారి నడిపి ఒక జవాబు తీయడం) సరైన వరస మూడుసార్లు వచ్చింది. ఆ ఆరు వరసలూ బాబాయ్ నోటితోనే చెప్పగలడు, నిజమే. అయినా మా వీధిలో క్వాంటం చిప్ మీద పని నడిపింది నేనే, అది గర్వంగానే చెప్తాను.

ఇవాళ రెండో కాగితం కూడా బాబాయ్ వేలు పెట్టి చదివాడు. తప్పు పట్టలేదు. సుద్దముక్క తీసుకుని డ్రిల్లింగ్ పక్కన 'బిట్ మార్పు, అరగంట' అని రాశాడు. డ్రిల్ బిట్ మార్చే ఆ అరగంట నేను లెక్కలో వేయనే లేదు. ఆ నాలుగు గంటలనే అరగంటల లెక్కన చేసినా 48 క్యూబిట్లు, అంత నా ల్యాప్‌టాప్‌లో సరిచూడటం అయ్యే పని కాదు. అమరావతిలో పెడతామని 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల మెషీన్ కోసం చూస్తున్నాను.