జపో జల్పః: శ్రీవిద్యోపాసకుని ఒక రోజు

సౌందర్యలహరిలో 27వ శ్లోకం ఇది:

జపో జల్పః శిల్పం సకలమపి ముద్రావిరచనా
గతిః ప్రాదక్షిణ్యక్రమణమశనాద్యాహుతివిధిః ।
ప్రణామస్సంవేశస్సుఖమఖిలమాత్మార్పణదృశా
సపర్యాపర్యాయస్తవ భవతు యన్మే విలసితమ్ ॥

తల్లీ, నేను ఆడే మాటలు నీ జపంగా, చేతులతో చేసే పనులన్నీ పూజలో వేళ్లతో పట్టే ముద్రలుగా, నడక నీకు ప్రదక్షిణంగా, తినడం, తాగడం ఆహుతులుగా, పడుకోవడం ప్రణామంగా, అనుభవించే సుఖమంతా ఆత్మార్పణ భావంతో నీ పూజగా మారాలని ఇందులోని ప్రార్థన. ఇన్ని క్రియలను పేర్కొన్న ఈ శ్లోకంలో గృహస్థు తన ఇల్లు, వీధి విడిచిపోయి చేయవలసిన పని ఒక్కటీ లేదు.

తాంత్రికుడనగానే చాలామంది శ్మశానాన్నీ, పుర్రెనూ, ముగ్గులో పెట్టిన నిమ్మకాయలనూ ఊహించుకొంటారు. నేనెరిగిన శ్రీవిద్యోపాసకులు, అంటే లలితాదేవిని మంత్రంతో, శ్రీచక్రంతో ఆరాధించే తాంత్రిక సాధకులు, మాత్రం తెల్లవారుజామున లేచి గురుపాదుకలను స్మరించి, స్నానసంధ్యలు ముగించి, పూజగది తలుపు చేరవేసుకొని పంచదశీ మంత్రాన్ని జపించి, ఆ తరువాత సంచి పట్టుకొని కూరగాయలకు వెళ్లేవారే. ఆ పదిహేను అక్షరాలు గురువు చెవిలో చెప్పినవి గనుక పెదవి దాటకూడదు. లలితా సహస్రనామంలో అమ్మవారు ‘రహోయాగక్రమారాధ్య’, అంటే ఏకాంతంలో సాగే యాగక్రమంతో ఆరాధింపదగినది; ‘అంతర్ముఖసమారాధ్యా బహిర్ముఖసుదుర్లభా’, అంటే చూపు లోపలికి తిప్పినవారు ఆరాధింపదగినది, బయటి చూపు వారికి దొరకనిది, అని మరొకచోట ఆ మాటే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఈ గోప్యతను దాపరికమనేవారున్నారు. నాకది వినయంగానే కనిపిస్తుంది. చేస్తున్నది నలుగురికీ తెలియాలనుకొన్న క్షణంలోనే సాధకుని చూపు అమ్మవారి మీది నుంచి ఆ నలుగురి మీదికి మళ్లుతుంది కదా.

లలితా సహస్రనామానికి సౌభాగ్యభాస్కరమనే భాష్యం రచించిన భాస్కరరాయలు గృహస్థుడే, భార్య ఆనందికి ఆయనే శ్రీవిద్యను ఉపదేశించారు. మన ప్రాంతంలో బాలా ఉపాసకులుగా, అంటే అమ్మవారిని బాలాత్రిపురసుందరి రూపంలో కొలిచేవారుగా, పేరొందిన తాడేపల్లి రాఘవనారాయణ శాస్త్రిగారిది చందోలు. ఒకనాడు వెలనాటి చోళులకు రాజధానియైన ఆ ఊరు ఈనాడు ఒక పల్లె.

అన్నీ పూజలే అయినప్పుడు విడిగా పూజ దేనికని ఈ శ్లోకాన్ని అడ్డుపెట్టుకొని వాదించేవారితో నేను ఏకీభవించలేను. అమ్మవారి యంత్రమైన శ్రీచక్రంలోని 9 ఆవరణలనూ వెలుపలి చతురస్రమైన భూపురం నుంచి నడిమి బిందువు దాకా క్రమంగా అర్చిస్తూ, ఒక్కొక్క ఆవరణ వద్ద దానికి చెప్పిన ముద్రను చూపుతూ, ఏళ్ల తరబడి సాగిన చేతులు మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నప్పుడు కూడా ఆ అర్చననే కొనసాగిస్తాయి. ముద్ర ఎరుగని చేతికి ఆ పని ముద్ర ఎలా అవుతుంది?

‘అశనాద్యాహుతివిధిః’ అన్న మాట మా పెదతాతగారి విస్తరి దగ్గర నాకు బోధపడింది. ఆయన ఔపోసన పట్టి, ‘ప్రాణాయ స్వాహా’ మొదలుగా 5 ప్రాణాహుతులు తీసుకొన్నాక భోజనం ముగిసేదాకా మాట్లాడేవారు కారు. ఒకనాడు పప్పులో ఉప్పు రెండుసార్లు పడి మేమందరం ముఖాలు చిట్లించుకొన్నా ఆయన మాత్రం నెమ్మదిగా తిని లేచారు. చేయి కడుక్కొన్న తరువాత ఎందుకు చెప్పలేదని నేనడిగితే, “హోమం చేసేటప్పుడు ఆహుతిని రుచి చూస్తామా, అమ్మాయీ?” అన్నారు. ఆయన శ్రీచక్రార్చకులని మా వీధిలో ఎవరికీ తెలియదు. ఇంట్లో మాకు కూడా, పౌర్ణమి నాడు పూజగది తలుపు చాలాసేపు మూసి ఉంటుందనీ, ఆ పూట గట్టిగా మాట్లాడకూడదనీ మాత్రమే తెలుసు.

రాత్రి పడక మీద వాలేటప్పుడు ఆయన ముందుగా బోర్లా పడుకొని, రెండు చేతులూ తలపైకి చాచి, కొంతసేపు కదలకుండా ఉండి, ఆ పిమ్మట పక్కకు తిరిగి నిద్రపోయేవారు. నడుము నొప్పికి అలా చేస్తారని మేమనుకొనేవాళ్లం.