ఒక్క చుక్క

2020 అక్టోబర్ 13, మంగళవారం

పొద్దున ఎనిమిదిన్నరకే వెళ్ళి ల్యాబ్ తాళం తీశాను. ఏడు నెలలుగా మనిషి అలికిడి లేని గది, బల్లల నిండా దుమ్ము. ద్రావణాన్ని కొలిచి చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టాలు, బ్యూరెట్లు, వాటి ట్యాపులు రెండు బిగుసుకుపోయాయి. సోడియం హైడ్రాక్సైడ్ వాడాక కడగకుండా వదిలేస్తే గాజు ట్యాపులు అలాగే పట్టేస్తాయి. మార్చిలో కరోనా సెలవులన్న కబురు రాగానే అందరం ఉన్నపళంగా వెళ్ళిపోయాం మరి.

పనిచేసే బ్యూరెట్ ఒకటి వెతికి, నింపి, ఎదురుగా స్టూలు మీద ఫోన్ నిలబెట్టాను. ఫస్టియర్ పిల్లలకి ఆన్‌లైన్‌లో టైట్రేషన్, అంటే ఒక ద్రావణంలోకి ఇంకోటి చుక్కచుక్కగా వదిలి దాని గాఢత కట్టడం. వీళ్ళెవరూ ఇంతవరకు మా ల్యాబ్ గుమ్మం తొక్కలేదు. 42 మందిలో 26 మంది వచ్చారు. కెమెరాలన్నీ ఆఫ్. పదో నిమిషంలో ఒక అబ్బాయి, "సార్, చెల్లికి కూడా క్లాసుంది, ఫోన్ ఇవ్వాలి" అని మెసేజ్ పెట్టి వెళ్ళిపోయాడు. వద్దని ఎలా అంటాను?

ఎడమ చేత్తో ట్యాపు, కుడి చేత్తో ఫ్లాస్క్ తిప్పుతూ చూపించాను. ఫ్లాస్క్‌లో వేసిన రంగు సూచిక ఫినాఫ్తలీన్ లేత గులాబీకి తిరిగి, ఆ రంగు నిలబడితే అక్కడే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే రంగు ముదిరిపోతుంది, రీడింగ్ పనికిరాదు. అప్పుడు ఒకమ్మాయి అడిగింది, "సార్, ట్యాపు ఎంత తిప్పితే ఒక్క చుక్కే పడుతుంది?"

నాకు జవాబు దొరకలేదు. అది మాటల్లో చెప్పేది కాదు. పక్కన నిలబడి, వాళ్ళ వేళ్ళ మీద నా వేళ్ళు పెట్టి నేర్పేవాణ్ణి. నాకూ మా మాస్టారు అలాగే నేర్పారు.

మధ్యాహ్నం మీటింగ్‌లో ప్రాక్టికల్ మార్కుల చర్చ. రీడింగులు మనమే ఇచ్చి, లెక్క కట్టమంటే సరిపోతుందన్నారు. అది లెక్కల పరీక్ష అవుతుంది కానీ ప్రాక్టికల్ ఎలా అవుతుందని గట్టిగానే అన్నాను. 1665లో ప్లేగుకి కేంబ్రిడ్జి మూతబడితే న్యూటన్ ఇంట్లోనే ఎంతో సాధించాడు కదా అని ఒకరు గుర్తుచేశారు. నిజమే. కానీ ఈ పిల్లలు వాళ్ళ ఇళ్ళల్లోకి బ్యూరెట్ ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు? యునెస్కో లెక్కలో ఈ ఏప్రిల్ నాటికి బడులు, కాలేజీలు మూతబడి ఇళ్ళల్లో ఉండిపోయినవాళ్ళు 150 కోట్లకు పైనే. అందులో నా కంటికి కనబడేది 26 పేర్లు, అవీ నల్లటి గడుల్లో. చివరికి ఏమీ తేలలేదు. వచ్చే వారం మళ్ళీ కూర్చోవాలి.

సాయంత్రం వీడియోని చిన్న ముక్కలుగా కోసి, సైజు తగ్గించి, మధ్యలో వెళ్ళిపోయిన అబ్బాయికి పంపాను.

రాత్రి ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటలేమీ లేవు. కుళాయి కింద గిన్నె పెట్టినట్టుంది. టప్... టప్... చుక్కకీ చుక్కకీ మధ్య కాస్త ఎడం. చివర్లో, "వచ్చింది సార్" అంది.

రేపు వ్యాజిలీన్ డబ్బా తీసుకెళ్ళాలి. ఆ బిగిసిన ట్యాపులు రెండూ ఊడదీసి, శుభ్రం చేసి, రాయాలి.