ఎండల్లో పొడుగు చేతులు

తిరుపతిలో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆ ఎండల్లోనూ మా అక్క కూతురు పొడుగు చేతుల బట్టలే వేసుకునేది. "నల్లబడతాను పిన్నీ" అంటే నమ్మేశాను.

ఒకరోజు కపిలతీర్థం కోనేట్లో కాళ్లు కడుక్కుంటూ చేతులు పైకి మడిచింది. తనను తానే గాయపరచుకున్న గుర్తులు కనిపించాయి. నేను చూడడం గమనించి వెంటనే దించేసింది. తిట్టు నోటి చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఆ పూట నేను చేసిన మంచి పని అదే. మెట్ల మీద కూర్చుని, "ఎన్నాళ్లుగా అమ్మా?" అని మాత్రం అడిగాను.

చాలాసేపు నీళ్లకేసి చూసింది. "చచ్చిపోవాలని కాదు పిన్నీ. లోపలిది ఎవరికీ చెప్పలేక" అంది. చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. పుట్టదు, మనసులోది బయటపెట్టడానికి దారి దొరుకుతుంది.

"అందరూ చూడాలని చేస్తోంది" అన్న బంధువు మీద ఇప్పటికీ నాకు కోపమే. చూడాలనుకునే పిల్ల ఎండలో చేతులు దాచుకుంటుందా?

ఆ రాత్రే టెలీ మానస్ 14416కు ఫోను చేశాం. మానసిక ఆరోగ్యం కోసం 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ఫోను సేవ ఇది. ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. తరువాత మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాం.

ఇంకా కష్టమైన రోజులున్నాయి. అలాంటి రోజున "పిన్నీ, కొంచెంసేపు మాట్లాడు" అని ఫోను చేస్తుంది. నిన్న కూడా చేసింది.