చెనిక్కాయ చేలో కంది సాళ్లు: నా అనుభవం

పాకాల దగ్గర మాకు మూడెకరాల మెట్ట చేను ఉంది. బోరు లేదు. వాన పడితే చెనిక్కాయ (వేరుశనగ), ఆలస్యమైతే సెప్టెంబరులో ఉలవలు, మా నాయన కాలం నుంచీ ఇంతే. వరసగా రెండేళ్లు సరిగ్గా కాయ పట్టే ఊడలు భూమిలోకి దిగేటప్పుడే వాన మొహం చాటేసింది, విత్తనం ఖర్చు కూడా రాలేదు. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానానికి పోయి అడిగితే ఏడు సాళ్ల చెనిక్కాయకు ఒక సాలు కంది పెట్టుకోమన్నారు.

చెనిక్కాయా గాల్లో నత్రజని పట్టే జాతే, మళ్లీ కంది దేనికని నేనూ అడిగాను. కంది వేరు లోతుకు పోతుంది, పైన తేమ ఆరిపోయినా కింద నీళ్లు అందుకుంటుంది, ఆకు రాల్చి నేలకే ఇస్తుంది, పైగా ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది అన్నారు. సరే అనుకున్నాను.

మొదటి ఏడు తప్పు నాదే. రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి గాల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా) ప్యాకెట్ తెచ్చి, బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, విత్తనానికి పట్టించి, తొందరగా ఆరుతుందని మిద్దె మీద ఎండలో పోశాను! అందులో ఉండేది బతికున్న బ్యాక్టీరియా అని తెలిసి కూడా. పైరు మోకాలెత్తు వచ్చాక ఒక మొక్కను తవ్వి చూస్తే వేరుకు నాలుగైదు బుడిపెలు, గోటితో చిదిమితే లోపల తెల్లగా ఉన్నాయి. మరుసటేడు తెగులు మందు ముందే పట్టించి, రైజోబియం చివర్లో కలిపి, చింతచెట్టు నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాను. ఈసారి బుడిపెలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, చిదిమితే గోరుకు ఎర్రటి తడి అంటింది. లోపల ఎర్రగా ఉంటేనే అవి పని చేస్తున్నట్టు లెక్క. ఆ మొక్కను ఇంటికి తెచ్చి అమ్మకు చూపిస్తే, "దీనికోసం చెట్టు పీకేసినావా?" అని తిట్టింది.

అసలు తలనొప్పి తెగులూ కాదు, పురుగూ కాదు (కాయతొలిచే పురుగు వచ్చింది, పూత మీద వేపనూనె కొట్టాను, కొంత పోయింది, కొంత మిగిలింది). మేకలు. చెనిక్కాయ పీకేశాక ఊరంతా చేలు ఖాళీ, జీవాలను వదిలేస్తారు, నా కంది ఒక్కటే పచ్చగా నిలబడి ఉంటుంది. మొదటి ఏడు సగం సాళ్లు మొండేలు మిగిలాయి. ఎవరితో పోట్లాడేది, అందరూ మామలూ బావలే. కంచె వేసే స్తోమత లేదు. అందుకే మరుసటేడు పక్క చేను వాళ్లను నలుగురినీ కూర్చోబెట్టి, విత్తనం నేనే ఇస్తానని చెప్పి, వాళ్ల చేలల్లోనూ కంది సాళ్లు పెట్టించాను. సంక్రాంతి దాకా ఆ వైపు మేక తోలితే ఐదిళ్ల వాళ్లూ కేకలేసేవాళ్లే.

రెండో ఏడు చెనిక్కాయ అంతంతమాత్రమే అయినా కంది నాలుగు మూటలు వచ్చింది. మళ్లీ సాగులో అదే చేలో ఒక చెక్క రాగి పెట్టి, యూరియా సగమే వేసినా పైరు పసుపు తిరగలేదు. ఒక్క ఏడు చూసి గట్టిగా చెప్పలేను, ఇంకో రెండు సాగుబడులు చూడాలి.

అమ్మ మాత్రం కంది సంగతి వదిలేసి, వచ్చే ఏడు గట్ల మీద అనప (అనుములు) వెయ్యమంటోంది, సంక్రాంతికి పితికిపప్పు (నానబెట్టి పొట్టు పితికిన అనప గింజలు) బయట కొనక్కర్లేదని.