సొంత మెయిల్ సర్వర్: ముందు బయటికి పోయే మెయిల్ సంగతి చూడండి

కడప, తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్లలో గానీ, అనంతపురం కాలేజీల్లో గానీ సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నవాళ్లు మొదట అడిగేది ఒకటే: వచ్చే స్పామ్‌ను ఎట్లా ఆపాలి? వచ్చే చెత్తను ఆపడం అంత కష్టమేం కాదు, దానికి మంచి సాఫ్ట్‌వేర్ ఉంది. మన సర్వర్ పేరు చెడకుండా కాపాడుకోవడమే అసలు పని. పేరు చెడిందంటే చెన్నై పార్టీకి పంపిన కొటేషన్ స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది, పడిందని మనకు ఎవరూ చెప్పరు. అందుకే ఈ పోస్టులో ముందు బయటికి పోయే మెయిల్, తర్వాతే లోపలికొచ్చేది. మెయిల్ పంపి, అందుకునే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్, స్పామ్ వడపోసే ప్రోగ్రామ్ ఆర్‌స్పామ్‌డీ వాడుతున్నారనుకుని రాస్తున్నా. సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. ఫైల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టాలి.

మొదలు ఐపీ దగ్గర, అంటే ఇంటర్నెట్‌లో సర్వర్‌కుండే నంబరు చిరునామా దగ్గర. మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ నుంచి నేరుగా మెయిల్ పంపితే చాలా సర్వర్లు తలుపే తీయవు. బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హాస్ వాళ్ల పీబీఎల్ జాబితాలో అట్లాంటి ఐపీలు గుంపులు గుంపులుగా ఉంటాయి. మీరు తప్పు చేశారని కాదు, ఆ ఐపీల నుంచి నేరుగా మెయిల్ రాకూడదన్న నియమం అంతే. స్టాటిక్ (మారని) ఐపీ తీసుకుంటే సగం పని అవుతుంది. మిగతా సగం పీటీఆర్ రికార్డు, అంటే ఐపీని అడిగితే పేరు చెప్పే ఎదురు డీఎన్ఎస్ (మామూలు డీఎన్ఎస్ పేరు అడిగితే ఐపీ చెబుతుంది). దాన్ని మీ డొమైన్ ప్యానెల్‌లో పెట్టలేరు, ఐపీ ఇచ్చినవాళ్లే పెట్టాలి. డబ్బు కట్టకముందే పీటీఆర్ పెడతారా అని రాతపూర్వకంగా అడగండి. పీటీఆర్ చెప్పే పేరు, ఆ పేరుకున్న 'ఏ' రికార్డు (పేరుకు ఐపీ చెప్పేది), పోస్ట్‌ఫిక్స్ హెలోలో, అంటే అవతలి సర్వర్‌ను పలకరిస్తూ, చెప్పే పేరు, మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. పీటీఆర్ లేకపోయినా, 'ఏ' రికార్డుతో కలవకపోయినా జీమెయిల్ 550 5.7.25 అని తిప్పి పంపుతుంది.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. పాత రకం ఐపీ అయిన ఐపీవీ4కు పీటీఆర్ పెట్టించుకుని, సర్వర్‌కు కొత్త రకం ఐపీవీ6 కూడా ఉందన్న సంగతి మర్చిపోతారు. పోస్ట్‌ఫిక్స్ ఒకసారి దీంట్లో, ఒకసారి దాంట్లో పంపుతుంది. సగం మెయిళ్లు పోతాయి, సగం పోవు, ఎందుకో అర్థం కాదు. ఐపీవీ6కు పీటీఆర్ రాదంటే 'ఐనెట్_ప్రోటోకాల్స్ = ఐపీవీ4' అని పెట్టేయండి. పీటీఆర్ అసలే దొరకదంటే పోట్లాడొద్దు: సర్వర్ ఆఫీసులోనే ఉంచి, బయటికి పోయే మెయిల్‌ను మాత్రం పోర్ట్ 25 (సర్వర్ల మధ్య మెయిల్ నడిచే దారి) తెరిచి ఇచ్చే చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) మీదుగానో, మన తరఫున మెయిల్ పంపిపెట్టే రిలే సర్వీసు మీదుగానో పంపండి.

తర్వాత ఎస్‌పీఎఫ్. మన డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే టీఎక్స్‌టీ రికార్డు, అంటే డీఎన్ఎస్‌లో పెట్టే ఒక లైను, ఇది. 'వి=ఎస్‌పీఎఫ్1 ఐపీ4:203.0.113.25 ~ఆల్' లాంటి ఒక్క లైను చాలు. డొమైన్‌కు ఒకటే ఉండాలి, రెండు పెడితే రెండూ చెల్లవు. ఇన్‌క్లూడ్ (ఇంకో డొమైన్ ఎస్‌పీఎఫ్‌ను కలుపుకోవడం), ఏ, ఎంఎక్స్ (డొమైన్‌కు మెయిల్ అందుకునే సర్వర్) లాంటివి ఒక్కోటి ఒక్కో డీఎన్ఎస్ లుకప్ తింటాయి, ఇన్‌క్లూడ్ లోపల ఉన్నవీ లెక్కే. మొత్తం 10 దాటితే రికార్డు మొత్తం ఎర్రర్. ఐపీ4 రాసినందుకు లెక్క లేదు, కాబట్టి తెలిసిన ఐపీలను నేరుగా రాయడమే మేలు.

హోస్టింగ్ ప్యానెళ్లు వాటంతట అవే '+ఏ' అని చేర్చేస్తుంటాయి. మీ వెబ్‌సైట్ షేర్డ్ హోస్టింగ్‌లో ఉంటే దాని అర్థం, ఆ సర్వర్ మీదున్న ఏ సైటు నుంచైనా మీ పేరుతో మెయిల్ పంపొచ్చని మీరే రాసిచ్చినట్టు. తీసేయండి. చివర మైనస్ ఆల్ (జాబితాలో లేని ఐపీ అయితే తోసేయి) పెట్టాలా, టిల్డా ఆల్ (అనుమానించు, తోసేయకు) పెట్టాలా అంటే నా ఓటు టిల్డాకే. మైనస్ చూసిన కొన్ని సర్వర్లు డీకిమ్ సంతకం చూడకముందే మెయిల్‌ను తోసేస్తాయి. ఫార్వర్డ్ అయి వెళ్లిన మంచి మెయిల్ కూడా దాంతో పోతుంది. గట్టిగా 'వద్దు' చెప్పే పని డీమార్క్‌ది, దానికే వదలండి; డీకిమ్, డీమార్క్ సంగతి కింద ఉంది.

డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా సర్వర్ పెట్టే సంతకం. ప్రైవేట్ కీ సర్వర్‌లో, పబ్లిక్ కీ డీఎన్ఎస్‌లో ఉంటాయి. కీ 2048 బిట్లు పెట్టండి. గొడవలన్నీ డీఎన్ఎస్‌లో అతికించే దగ్గరే వస్తాయి. టీఎక్స్‌టీలో ఒక్కో ముక్క 255 అక్షరాలకు మించకూడదు, 2048 కీ దాన్ని దాటుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య రెండు ముక్కలుగా పెట్టాలి. కొన్ని ప్యానెళ్లు వాటంతట అవే ముక్కలు చేస్తాయి, కొన్ని చడీచప్పుడు లేకుండా చివర కత్తిరిస్తాయి. ఇంకొన్ని రికార్డు పేరు చివర డొమైన్‌ను మళ్లీ తగిలించి, డొమైన్ పేరు రెండుసార్లు వచ్చేలా చేస్తాయి. ప్యానెల్‌లో కనిపించేదాన్ని నమ్మకుండా, బయటి మెషీన్ నుంచి 'డిగ్' (డీఎన్ఎస్‌ను అడిగే కమాండ్) కొట్టి చూడండి.

చాలా గైడ్లలో 'మిల్టర్_డిఫాల్ట్_యాక్షన్ = యాక్సెప్ట్' అని ఉంటుంది. సంతకం పెట్టే ప్రోగ్రామ్ పడిపోయినా మెయిల్ ఆగకుండా పోతుందని అట్లా రాస్తారు. పోతుంది, సంతకం లేకుండా. వారం తర్వాత మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయని ఫోన్ వచ్చేదాకా మీకు తెలియదు. పోస్ట్‌ఫిక్స్‌లో మొదటినుంచీ ఉండే 'టెంప్‌ఫెయిల్' నే ఉంచండి; ప్రోగ్రామ్ పడితే మెయిల్ ఆగుతుంది, ఆగితే గంటలో ఎవరో ఒకరు అరుస్తారు.

ఇక డీమార్క్. ఎస్‌పీఎఫ్ చూసేది ఫ్రమ్ లైనును కాదు, కవరు మీది చిరునామాను, అంటే రిటర్న్-పాత్‌ను. చదివేవాడికి కనిపించేది ఫ్రమ్. ఈ రెంటికీ లంకె వేసేదే డీమార్క్: ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ పాసవ్వాలి, పాసైన ఆ డొమైన్ ఫ్రమ్‌లోని డొమైన్‌తో కలవాలి.

ఉదాహరణకు బండల వ్యాపారి ఇన్‌వాయిస్‌లు క్లౌడ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి పోతుంటాయి. ఫ్రమ్‌లో వ్యాపారి డొమైన్, రిటర్న్-పాత్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ డొమైన్, సంతకమూ ఆ కంపెనీదే. అందిన మెయిల్‌ను జీమెయిల్‌లో తెరిచి 'షో ఒరిజినల్' నొక్కితే ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ ఫెయిల్ అని ఉంటుంది. రెండు పాస్‌లు చూసి అంతా బాగుందనుకుంటారు. ఆ కంపెనీ ఇన్‌క్లూడ్‌ను మీ ఎస్‌పీఎఫ్‌లో ఎన్నిసార్లు చేర్చినా ఇది తీరదు, ఎందుకంటే రిటర్న్-పాత్ మీది కాదు. వాళ్ల సెట్టింగుల్లో 'డొమైన్ ఆథెంటికేషన్' లాంటిది వెతికి, వాళ్లిచ్చే సీనేమ్ రికార్డులు (ఈ పేరుకు జవాబు అక్కడ చూడు అని చెప్పేవి) మీ డీఎన్ఎస్‌లో పెడితే మీ డొమైన్ పేరుతోనే సంతకం పడుతుంది. అప్పుడు డీమార్క్ పాస్.

వెబ్‌సైట్‌లోని ఎంక్వైరీ ఫారం కూడా ఇదే జాతి. చూడ్డానికి వచ్చినవాడి జీమెయిల్ చిరునామానే ఫ్రమ్‌లో పెట్టి పంపే ఫారాలు ఇంకా బోలెడున్నాయి. ఫ్రమ్‌లో మీ చిరునామా ఉండాలి, ఆయనది రిప్లై-టూలో ఉండాలి.

డీమార్క్ రికార్డును మొదట 'పి=నన్'తో (ఫెయిలైనా ఏమీ చేయకు అని), రిపోర్టుల కోసం 'రువా' చిరునామాతో పెట్టండి. పెద్ద ప్రొవైడర్ల నుంచి రోజుకొకటి చొప్పున ఎక్స్ఎంఎల్ రిపోర్టులు వస్తాయి, వాటికి వేరే మెయిల్‌బాక్స్ పెట్టండి. మూడు నాలుగు వారాలు చూస్తే, మీ పేరుతో మెయిల్ పంపుతున్న, మీరు మర్చిపోయిన యంత్రాలన్నీ బయటపడతాయి: స్కానర్, హాజరు మెషీన్, పాత వెబ్‌సైట్. అవి సర్దుకున్నాక క్వారంటైన్ (స్పామ్‌లో వేయి), ఆ తర్వాత రిజెక్ట్ (తిప్పి పంపు). కొని పక్కన పడేసిన డొమైన్లకు ఇన్ని వారాలు ఆగక్కర్లేదు, మొదటిరోజే ఎస్‌పీఎఫ్‌లో ఒక్క మైనస్ ఆల్, డీమార్క్‌లో రిజెక్ట్ పెట్టేయండి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000, అంతకుమించి మెయిళ్లు పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. స్పామ్ అని నొక్కినవాళ్ల శాతం 0.3ను తాకకూడదనీ గూగుల్ చెప్పింది. అంటే ఇన్‌బాక్స్‌కు చేరిన వెయ్యి మెయిళ్లకు ముగ్గురు నొక్కితే గీత దగ్గరికొచ్చినట్టే. కొత్త ఐపీ నుంచి పాత కస్టమర్లందరికీ ఒకేసారి ఉగాది శుభాకాంక్షలు పంపే ఆలోచన ఉంటే మానుకోండి.

రికార్డులన్నీ సరిగ్గా ఉన్నా మన సర్వర్ నుంచే స్పామ్ పోతే చేయగలిగిందేం లేదు, ఎందుకంటే ఆ స్పామ్‌కూ మన సంతకమే పడుతుంది. ఎక్కువమందికి తెలియని దారి రూటర్‌లో ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ నమ్మే ఐపీల జాబితా 'మైనెట్‌వర్క్స్'లో 192.168.1.0/24, అంటే ఆఫీసు లోపలి ఐపీలు, ఉంటుంది, ఆఫీసు కంప్యూటర్లకు పాస్‌వర్డ్ అడక్కుండా ఉండాలని. రూటర్ పోర్ట్ 25ను లోపలికి పంపేటప్పుడు, కొన్ని రూటర్లు అసలు ఐపీ తీసేసి తన ఐపీ, అంటే 192.168.1.1 పెడతాయి. అప్పుడు ప్రపంచంలో ఎవడొచ్చినా పోస్ట్‌ఫిక్స్ కళ్లకు ఆఫీసు మనిషే. దొంగకు తాళంచెవి మనమే ఇచ్చినట్టు. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ను విడిగా ఒక డబ్బాలో పెట్టి నడిపే పద్ధతి) నడిపినా 172.17.0.1తో ఇదే జరగొచ్చు. పరీక్ష సులువు: మొబైల్ డేటా మీది ఫోన్ నుంచి సబ్మిషన్ పోర్ట్ 587కు (యూజర్లు లాగిన్ అయి మెయిల్ పంపే దారి) కనెక్ట్ అయి, మెయిల్ లాగ్‌లో ఏ ఐపీ పడిందో చూడండి. లోపలి ఐపీ పడితే పోర్ట్ 25 సంగతీ అంతేననుకోండి. 'మైనెట్‌వర్క్స్'లో 127.0.0.0/8 (సర్వర్ తానే) మాత్రమే ఉంచి, ఆఫీసులోని అందరినీ పాస్‌వర్డ్‌తో 587 మీదకు మార్చేయండి.

రెండో దారి దొరికిపోయిన పాస్‌వర్డ్. కంపెనీ పేరు, 123 కలిపిన పాస్‌వర్డ్ ఒక్కటుంటే చాలు, రాత్రికి రాత్రి వేల మెయిళ్లు పోతాయి. పోర్ట్ 25 మీద లాగిన్ అసలు ఇవ్వొద్దు. తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టే ఐపీలను ఆపే ఫెయిల్‌2బ్యాన్ పెట్టండి. పోస్ట్‌ఫిక్స్‌లో ఉన్న రేటు పరిమితులు ఐపీని బట్టి లెక్కపెడతాయి, యూజర్‌ను బట్టి కాదు. దొంగలేమో వంద ఐపీల నుంచి వస్తారు. అందుకని ఆర్‌స్పామ్‌డీ రేట్‌లిమిట్‌లో యూజర్ లెక్కన గంటకు 100 లేదా 200 పెట్టండి. తప్పు జరిగితే వరస ముఖ్యం: లాగ్‌లో 'ఎస్ఏఎస్ఎల్_యూజర్‌నేమ్' చూసి ఎవరి ఖాతానో పట్టుకోవడం, పాస్‌వర్డ్ మార్చడం, తెరిచి ఉన్న కనెక్షన్లు తెంపడం, క్యూ (పోవడానికి వరసలో ఉన్న మెయిళ్లు) ఖాళీ చేయడం, ఆ తర్వాతే బ్లాక్‌లిస్ట్ వాళ్లను తీసేయమని అడగడం. వరస తప్పి ముందే అడిగితే మళ్లీ ఎక్కిస్తారు, రెండోసారి తీయించుకోవడం కష్టం.

ఓనర్ మెయిలంతా ఆయన జీమెయిల్‌కు ఆటో ఫార్వర్డ్ చేయడం ఇంకో తలనొప్పి. ఆయనకొచ్చిన స్పామ్‌ను కూడా మీ ఐపీయే జీమెయిల్‌కు మోసుకుపోతుంది, జీమెయిల్ ఆ తప్పు మీ ఖాతాలోనే రాస్తుంది. ఆయన ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లోనే ఐమ్యాప్ ఖాతాగా (మెయిల్ మీ సర్వర్‌లోనే ఉంటుంది, యాప్ అక్కడే చదువుతుంది) కలిపి ఇవ్వండి, సార్‌కు తేడా కూడా తెలియదు.

లోపలికొచ్చే మెయిల్‌కు స్పామ్‌హాస్ ఐపీ జాబితాలన్నీ కలిపిన జెన్ జాబితా ఒక్కటే చాలావరకు ఊడ్చేస్తుంది, కానీ సర్వర్ డీఎన్ఎస్ 8.8.8.8 (గూగుల్ పబ్లిక్ రిజాల్వర్, అంటే అందరి తరఫునా డీఎన్ఎస్ అడిగిపెట్టేది) అని ఉండకూడదు. పబ్లిక్ రిజాల్వర్ నుంచి అడిగితే స్పామ్‌హాస్ 127.255.255.254 అని ఎర్రర్ కోడ్ ఇస్తుంది. పోస్ట్‌ఫిక్స్ ఏ జవాబు వచ్చినా జాబితాలో ఉన్నట్టే అనుకుని వచ్చే ప్రతి మెయిల్‌నూ తిప్పికొడుతుంది. సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టుకుని, జవాబు 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు ఉంటేనే ఆపమని రాయండి. ఆర్‌స్పామ్‌డీ మామూలు మార్కులు గ్రేలిస్ట్‌కు (కాసేపాగి మళ్లీ పంపమనడం) 4, స్పామ్ గుర్తుకు 6, రిజెక్ట్‌కు 15. వీటిని కదపాల్సిన పని సాధారణంగా రాదు. అన్ని మెయిళ్లకూ గ్రేలిస్టింగ్ పెట్టే పాత పద్ధతి మాత్రం వద్దు, పది నిమిషాల్లో చెల్లిపోయే ఓటీపీలు పదిహేనో నిమిషంలో వస్తాయి. లేని చిరునామాకు వచ్చిన మెయిల్‌ను తీసుకుని తర్వాత బౌన్స్ చేయడమూ వద్దు, ఆ బౌన్స్ ఎవరో అమాయకుడికి పోతుంది. తలుపు దగ్గరే వద్దనాలి.

ఓనర్ పేరు పెట్టుకుని, ఏదో జీమెయిల్ చిరునామా నుంచి అకౌంటెంట్‌కు 'ఈ కొత్త ఖాతాకు డబ్బు వేయి' అని వచ్చే మెయిల్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పాసే. అది నిజంగానే జీమెయిల్ నుంచి వచ్చింది కదా. ఓనర్ పేరుండి బయటి డొమైన్ ఉన్న మెయిళ్లకు మార్కులు పెంచే రూలు ఒకటి రాయొచ్చు, బ్యాంకు ఖాతా మార్పు మాత్రం ఫోన్ చేసి అడిగితేనే తేలుతుంది.

వేసవిలో కరెంటు పోతే మెయిళ్లు పోతాయన్న భయంతో బ్యాకప్ ఎంఎక్స్ (మన సర్వర్ లేనప్పుడు మెయిల్ తీసుకునే రెండో సర్వర్) పెట్టుకోవాలని చూస్తారు. అక్కర్లేదు. పంపే సర్వర్లు మామూలుగా నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి, పోస్ట్‌ఫిక్స్ కూడా మొదటినుంచీ అయిదు రోజులు ఆగుతుంది. స్పామర్లు కావాలనే బ్యాకప్ ఎంఎక్స్‌ను వెతుక్కుని వస్తారు, అక్కడ ఫిల్టర్లు పలచగా ఉంటాయని. డీఎన్ఎస్‌ను మాత్రం ఆఫీసులో పెట్టుకోకుండా బయటే ఉంచండి. కరెంటుతోపాటు అదీ పోతే, రిలే నుంచో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచో మీ పేరుతో పోయే మెయిళ్లకు కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు అవతలివాళ్లకు దొరకవు.